ఓడ ఎక్కని మనిషి

మొన్న విజయనగరంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా పక్క విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి, నాది ఏ ఊరో తెలుసుకుని చాలా సంతోషపడ్డాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఓడ చూపించడానికి మా రేవుకు తీసుకొచ్చాడట. "అంత మంచి రేవు ఎలా పాడైపోయిందండీ! ఎవరో ఒక ఆడది పడవలకు అడ్డంగా కూర్చుని శాపనార్థాలు పెట్టిందటగా. ఆ ఓడ వెళ్ళిపోయింది, మరి ఇంకో ఓడ రాలేదట. ఆడదాని ఉసురు ఊరికే పోదండీ" అన్నాడు, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

నేను సగం అన్నం వదిలేసి లేచిపోయాను. లేచిపోవడం నాకు అలవాటే. మాట్లాడవలసిన చోట నోరు మూసుకోవడం, ఆ తరువాత లేచి వెళ్ళి ఒంటరిగా పళ్ళు కొరుక్కోవడం, ఇదే పాతికేళ్ళ పైబడి నేను చేస్తున్న పని.

ఆ ఆడది మా అప్ప. నా తోడబుట్టినది, నాకంటే పెద్దది. ఆమె ఎవరినీ శపించలేదు. ఆమె భర్త, మా బావ, సముద్రంలో చనిపోయాడు. చనిపోలేదు, ఓడెక్కి పారిపోయాడు అని మా పేట మొత్తం కలిసి ఆమెకు అబద్ధం చెప్పింది. ఆ అబద్ధంలో అందరికంటే పెద్ద ముక్క నాది. ఆమె అడిగింది ఒక్కటే, తన మొగుడు చచ్చిపోయాడని ఊరు ఒప్పుకోమని. అందుకే ఆమెను రేవును పాడుచేసిన మనిషిని చేశారు.

వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా ఉంటుంది మా రేవు. రేవు అంటే గోడలూ క్రేన్లూ ఉండేవని అనుకోకండి. ఉత్త ఇసక. ఓడ వస్తే ఎక్కడో దూరాన లంగరు వేసుకుని నిలబడేది. ఒడ్డు నుంచి ఓడకు సరుకు చేర్చే పని మా పడవలది. కొబ్బరి పీచు తాడుతో పలకలను కుట్టి చేసిన పడవలు అవి, ఒక్క మేకు ఉండేది కాదు. అల కొడితే వంగేవి, విరిగేవి కావు. అరవైల చివర నాటికి ఓడలు బాగా తగ్గిపోయాయి. ఏడాదికి ఒకటి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అందుకే వచ్చిన ఓడ ఊరికి పండుగ. పొగ కనిపించగానే పేటలో పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తేవాళ్ళు. గోగునార మోపులూ నువ్వుల బస్తాలూ వేసుకుని బళ్ళు వరసగా దిగేవి. ఓడలోంచి సరదాగా ఒడ్డుకు వచ్చే మనుషులకు అరటిపళ్ళూ కొబ్బరిబొండాలూ అమ్మడానికి ఆడవాళ్ళు ఎగబడేవాళ్ళు. కల్లు పాకలో ఆ రోజు బేరమే బేరం. వాళ్ళ భాష మాకు రాదు, మా భాష వాళ్ళకు రాదు. అయినా రెండు పక్కలా తిట్లు మాత్రం బాగా అర్థమయ్యేవి.

మా అయ్య తండేలు. అంటే పడవ నడిపించే పెద్ద, చుక్కాని తెడ్డు ఆయన చేతిలో ఉండేది. పేట మాటలోనూ ఆయనే పెద్ద. మా బావ ఆయన పడవలోనే ముందు నిలబడేవాడు. నేను తెడ్డు వేసేవాణ్ణి, అప్పటికి నాకు ఇరవై నిండాయి. బావ నోరు ఊరుకునేది కాదు. ఓడ పక్కకు చేరగానే తల పైకెత్తి, "ఓ సారూ! నన్నూ అట్టుకుపోండి సారూ! మా మావ కూడు పెట్టడం నేదు!" అని అరిచేవాడు. పైన కటకటాల దగ్గర నిలబడ్డవాళ్ళకు ముక్క అర్థం కాకపోయినా నవ్వేవాళ్ళు. మా అయ్య వెనక నుంచి, "ఒరే, తిన్నది అరక్క అరుస్తన్నావు, తాడు సూసుకో" అనేవాడు. ప్రతి ఓడకూ ఇదే పాట. ఆ పరాచికమే తరువాత బావ మీద సాక్ష్యమైంది.

మా పేటలో ఒక కట్టుబాటు ఉండేది. సముద్రం మనిషిని తీసుకుంటే మూడు రోజులు ఏ పడవా నీళ్ళలో దిగకూడదు. శవం దొరికినా దొరకకపోయినా అంతే. మూడో రోజు కర్మ అయ్యాక గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి అప్పుడు దించాలి. నా ఎరుకలో ఆ కట్టుబాటును ఎవరూ దాటలేదు. దాటవలసి వచ్చినప్పుడు మావాళ్ళు ఏం చేశారో ఇప్పుడు చెబుతాను.

ఆ ఏడు వానల తరువాత వలలకు ఏమీ పడలేదు. ఇళ్ళలో గంజి పలచనవుతోంది. అలాంటప్పుడు ఓడ వచ్చింది. మొదటి రోజు పని బాగా సాగింది. మధ్యాహ్నం దాటాక మా పడవ ఓడ పక్కన ఉంది. పైనుంచి తాళ్ళ వల దిగింది. మేము అందులోకి బస్తాలు దొర్లిస్తున్నాం. పడవ ఓడకు కొట్టుకోకుండా బావ ముందు నిలబడి ఓడ గోడకు కాలు తన్నిపెట్టి తాడు పట్టుకున్నాడు. ఒక పెద్ద అల పడవను దూరంగా లాగింది. బావ కాలు జారింది. పడవకూ ఓడకూ మధ్య నీళ్ళలోకి జారిపోయాడు. అల తిరిగొచ్చి పడవను ఇనుప గోడకేసి కొట్టింది. ఒక్క కేక కూడా వినపడలేదు.

మిగతావాళ్ళు బస్తాల మీద వంగి ఉన్నారు. కళ్ళారా చూసింది మా అయ్య, నేను. నేను దూకాను. మునిగాను, తేలాను, మళ్ళీ మునిగాను. ఓడవాళ్ళు పైనుంచి నీళ్ళలో తేలే చక్రం విసిరారు. పొద్దు వాలేదాకా చుట్టూ తిరిగి వెతికాం. నీటి వడి ఆ రోజు ఎక్కువగా ఉంది. బావ దొరకలేదు. పడిపోయిన మనిషిని వేరే పడవ ఎత్తుకుపోయిందని ఓడవాళ్ళకు సైగలతో చెప్పి సరిపెట్టినవాడు ఓడ మీద బస్తాలు లెక్కపెడుతున్న సరుకు ఏజెంటు గుమాస్తా.

ఒడ్డుకు వచ్చేసరికి ఇంకా వెలుగు ఉంది. మగవాళ్ళందరూ పడవల దగ్గర కూడారు. బస్తాలు గుట్టలుగా పడున్నాయి. గుమాస్తా గొడుగు ఇసకలో పొడుస్తూ, "ఏమయ్యా తండేలూ, రేపు మిగిలిన సరుకు ఎక్కకపోతే ఓడ వెళ్ళిపోతుంది. మీ మూడు రోజుల కోసం ఎవడు ఆగుతాడయ్యా?" అన్నాడు.

అప్పుడు ఒక ముసలాయన, "ఇంతకీ ఆడు మునగడం ఎవులు సూసేరర్రా?" అన్నాడు.

మా అయ్య తల ఎత్తలేదు. ఇసకను కాలి బొటనవేలితో గీస్తూ అన్నాడు. "ఓడకి తాళ్ళ నిచ్చిన ఏలాడతన్నాది గదా. అట్టుకుపోండి, అట్టుకుపోండి అని ఆడు ఎప్పుడూ అరుస్తానే ఉంటాడు. ఎక్కీసినాడేమో."

"అవునవును, ఎక్కీసుంటాడు" అన్నాడు ఇంకొకడు. "ఎక్కీసినాడు" అన్నాడు మరొకడు. ఒక మనిషి చావు అంత తొందరగా రద్దయిపోవడం నేను మరెక్కడా చూడలేదు. అందరికీ ఆకలి ఉంది, నిజమే. ఆకలితో ఉన్నవాళ్ళు ఆ కట్టుబాటును ఈసారికి దాటుతున్నామని చెప్పి దాటి ఉంటే నేను ఈనాడు ఒక్క మాట అనను. గంగమ్మ కూడా అనేది కాదు. కట్టుబాటు చెడకూడదు, పనీ చెడకూడదు. అందుకని చచ్చినవాణ్ణి బతికించారు.

అప్ప ఇంటి దగ్గర పొయ్యి ముందు ఉంది. మా అయ్య గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. "నీ మొగుడు ఓడెక్కీసినాడే. వస్తాడులే, ఏడ్వకు."

"నాకు సెప్పకుండానా? సేపల పులుసు ఒండమని సెప్పి ఎల్నాడు. పులుసు తినకుండా ఎల్తాడేటి?" అంది అప్ప. తరువాత నా వైపు తిరిగింది. "ఒరే, నువ్వు పడవలో ఉన్నావు గదా. నువ్వు సూసేవా?"

"నిచ్చిన ఎక్కతంటే సూసేనప్పా" అన్నాను.

అక్కడితో ఆగలేదు. ఆమె ముఖం చూసి తట్టుకోలేక ఇంకో మాట కలిపాను. "పైకెల్నాక సెయ్యూపేడు. నిన్ను బాగా సూసుకోమన్నాడు."

మా అయ్య అన్న మాటలో "ఏమో" ఉంది. నా మాటలో అదీ లేదు. ఆ ఊపిన చెయ్యి నేను చేసి ఇచ్చిందే. అప్ప రెండేళ్ళు దాన్ని పట్టుకుని బతికింది.

మర్నాడు పొద్దున్నే పడవలు దిగాయి. బావ మునిగిన చోటి మీదుగా తెడ్లు వేసుకుంటూ వెళ్ళాం. సరుకంతా ఎక్కింది. ఓడ వెళ్ళిపోయింది. ఇళ్ళలో అన్నం ఉడికింది. నేనూ తిన్నాను.

ఆ రెండేళ్ళు అప్ప ఎలా బతికిందో ఊళ్ళో ఎవరూ చెప్పరు, శాపం కథ మాత్రం చెబుతారు. ఈమె నోరు పడలేకే కొడుకు దేశాలు పట్టి పోయాడని అత్తవారు ఆమెను వెళ్ళగొట్టారు. మా ఇంటికి వచ్చింది. ఎండు చేపల గంప ఎత్తుకుని బస్సులో ఆమదాలవలస పోయి అమ్ముకునేది. బొట్టూ గాజులూ తియ్యలేదు, తీస్తే మొగుడి చావు కోరినట్టు. నూతి దగ్గర ఒకావిడ రోజూ ఎత్తిపొడిచేది. "ఏటే, నీ మొగుడు దొరసాన్ని తెస్తన్నాడా?"

"తెస్తే తేనీ. సేపలు తోమడం నీకాడే నేర్పిస్తాను. నీకంటే బాగా తోమీగలదు" అనేది అప్ప.

మాలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన మనిషి ఇంకొకరిని చేసుకుని సంసారం చేసుకోవచ్చు. పక్క ఊరి నుంచి వలలు అల్లే ఒకాయన, పెళ్ళాం పోయినవాడు, నెమ్మదస్తుడు, వచ్చి అప్పను అడిగాడు. మా అయ్య, "మొగుడు బతికున్నదానికి మారుమనువేటి?" అని పంపేశాడు. పోనీ పెద్దల్లో కూర్చోబెట్టి తెగతెంపులు చెయ్యండి అని ఆయన మళ్ళీ వచ్చాడు. "ఆడొచ్చినాక సూద్దుం" అన్నాడు మా అయ్య. తెగతెంపులు చేయడానికి పేట కూర్చోవాలి. కూర్చుంటే వాడు ఓడెక్కడం ఎవరు చూశారని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ భయం ఆయనది. నాదీ అదే. అప్పకు అప్పుడు ముప్పై కూడా లేవు. ఆమె వయసు మా ఇద్దరి భయానికి కంచె అయిపోయింది.

రెండేళ్ళకు మరో ఓడ వచ్చింది. పొద్దున్నే బస్తాలు ఎక్కిస్తుండగా అప్ప నన్ను పడవల వెనక్కి పిలిచింది. తలంటుకుని పెళ్ళినాటి చీర కట్టుకుంది. చేతిలో చిన్న మూట. విప్పి చూపించింది. కొత్త చొక్కా, మగవాడిది.

"ఈ అంగీ ఓడోల్లకి ఇయ్యి. ఈల్లు ఆ ఓడోల్లకి అందిస్తారు గదా. ఓడోల్లకి ఓడోల్లు తెలుస్తారు. ఆడి భుజాలు ఎడల్పని సెప్పి కుట్టించేను" అంది.

మా పేటలో చేసిన వంట సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. సముద్రం మీది ఓడలు కూడా ఒక పేటలాంటివే అని ఆమె అనుకుంది. ఎవరైనా నవ్వొచ్చు. నేను ఆ చొక్కాను తిరిగి మూటలోకి తోశాను.

"ఒద్దప్పా. అంగీ ఒద్దు. బావ నేడు" అన్నాను. మొత్తం చెప్పాను. కాలు జారడం, అల, ఇనుప గోడ.

ఆమె ఏడవలేదు. "మరి సెయ్యూపేడన్నావు?" అంది.

"నేదు."

చెంప మీద కొట్టింది. రెండోసారి కొట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చేత్తోనే మా అయ్య పడవ దగ్గరకు నడిచింది. పడవను నీళ్ళలోకి తొయ్యడానికి మగవాళ్ళు భుజాలు ఆనించి ఉన్నారు. అప్ప రెండు చేతులూ పడవ ముక్కుకు వేసి కొట్టింది. గాజులు ఇసకలో పడ్డాయి. మణికట్ల నుంచి రక్తం కారింది.

"నా మొగుడు సచ్చిపోనాడు. ఈ ఇసకలోనే మీరందరూ దాసేరు. మూడు రోజులు పడవ దిగకూడదు. దిగితే నా మీద నుంచి దింపండి" అంది.

"ఒసే, పిచ్చెక్కినాదేటే నీకు?" అని మా అయ్య అరిచాడు.

"నీ కొడుకునడుగు!"

అందరూ నా వైపు తిరిగారు. మా అయ్య కూడా చూశాడు. ఆ చూపులో బెదిరింపు లేదు. ఉంటే బాగుండేది, ఎదురు తిరిగేవాణ్ణి. ఆయన నన్ను వేడుకుంటున్నాడు. అంతవరకు ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. నేను నేల చూపులు చూస్తూ, "నాకు తెల్దు" అన్నాను.

అప్ప నాతో మరి మాట్లాడలేదు. పడవ ముందు ఇసకలో కూర్చుంది. పగిలిన గాజుల మీదుగా పడవ తొయ్యడానికి ఒక్క మగాడూ ముందుకు రాలేదు. నమ్మినవాళ్ళూ రాలేదు, నమ్మనివాళ్ళూ రాలేదు. గుమాస్తా ఎగిరాడు, పోలీసులను పిలుస్తానన్నాడు, పిచ్చిదాన్ని కట్టెయ్యమన్నాడు. ఎండ నెత్తికెక్కే వేళకు నూతి దగ్గర ఎత్తిపొడిచే ఆవిడ కుండతో నీళ్ళు తెచ్చి అప్ప పక్కన చతికిలబడింది. "కట్టీసినోడు నన్నూ కలిపి కట్టీమను" అంది. ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి నీడ చూసుకున్నారు. ఓడ కూత వేసింది, మళ్ళీ వేసింది, మర్నాడు వెళ్ళిపోయింది. మూడో రోజు ఆడవాళ్ళే కర్మ చేయించారు. నేను చూడలేదు. ఆమె నన్ను ఆ చాయలకు రానివ్వలేదు.

శాపం అంటున్నది దీన్నే. ఆమె నోట ఒక్క శాపనార్థం రాలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. మరి ఓడలు ఎందుకు ఆగాయి? ఆ ఓడ రావడానికి ముందే గుమాస్తా మా అయ్యతో, "ఇదే ఆఖరు కావచ్చు తండేలూ, ఇక సరుకంతా రైల్లోనూ లారీల్లోనూ విశాఖపట్నం పోతుంది" అన్నాడు. పక్కన నేనున్నాను, ఇంకా చాలామంది ఉన్నారు. గోడలున్న హార్బరు అక్కడ ఉండగా మా ఉత్త ఇసకకు ఎవడొస్తాడు? అందరికీ తెలుసు. కాని రైలును తిడితే రైలుకు వినపడదు. లారీని తిడితే లారీ ఏడవదు. నలుగురిలో తలెత్తి మాట్లాడిన ఆడమనిషి మాత్రం ఇంటి పక్కనే ఉంటుంది.

వలలల్లే ఆయన మరోసారి వచ్చాడు. ఈసారి ఎవరినీ అడగలేదు, అప్పనే అడిగాడు. ఆమె ఆయన వెంట వెళ్ళిపోయింది. మా అయ్య ఆ విషయం ఎత్తకుండానే పోయాడు. నేను ఆగిన చదువు మళ్ళీ పట్టి ఎచ్చెర్ల దగ్గర బడిలో పంతులునయ్యాను. ఒకసారి తరగతిలో ఒక కుర్రవాడు మా రేవు ఎలా పాడైందో చెబుతూ ఆ శాపం కథ చెప్పాడు. "కూర్చో" అన్నాను. అంతే. పిల్లలకు చరిత్ర చెప్పి జీతం తీసుకునేవాణ్ణి, ఆ అబద్ధాన్ని అలాగే కూర్చోబెట్టాను.

విజయనగరం పెళ్ళి నుంచి తిరిగి వస్తూ ఆమదాలవలసలో దిగాను. ప్లాట్‌ఫారం మీద అప్ప కనిపించింది. జుట్టంతా తెల్లబడింది. కాళ్ళ దగ్గర చేపల గంప. దగ్గరకు వెళ్ళి, జరిగిందంతా రాస్తానని చెప్పాను.

ఆమె గంప మీది గుడ్డ సర్దుకుంది. "నాకాడ ఒకలాగ సెప్పినావు, పేటకాడ తెల్దన్నావు. ఇప్పుడు కాయితానికి సెప్తావేటి? కాయితమైతే నిన్ను ఎదురడగదు" అంది.

రైలు వచ్చింది. గంప ఎత్తడానికి వంగాను. ఆమె నా చెయ్యి పక్కకు తోసి, సోడాలమ్మేవాణ్ణి పిలిచింది. "బాబూ, ఓ సెయ్యెయ్యి నాయినా."

ఆ ఆదివారమే పేటకు వెళ్ళాను. పడవల దగ్గర పదిమంది కూర్చునే వేళకే వెళ్ళాను. నిలబడి చెప్పాను. మా బావ ఓడ ఎక్కలేదు, పడవకూ ఓడకూ మధ్య పడి చనిపోయాడు, నా కళ్ళతో చూశాను, మా అయ్యా చూశాడు, మేమిద్దరం అబద్ధం చెప్పాం, మా అప్ప చెప్పిందే నిజం.

మాతో ఆ పడవలో తెడ్డు వేసిన ఒకాయన ఇంకా ఉన్నాడు. చుట్ట నోట్లోంచి తీశాడు. "ఓస్, అదా? తెల్దని ఎవులన్నార్రా? నువ్వొక్కడివే గదా అన్నావు" అన్నాడు.

"తెలిస్తే, ఓడలు రాకుండా సేసింది మా అప్పని పిల్లలకి ఎందుకు సెప్తన్నారు?"

"ఏదో ఒకటి సెప్పాల గదా మరి" అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదా, అక్కడ తలలు ఊపుతున్న వాళ్ళందరి మీదా, నా మీదా. కొంచెం అవతల వల బాగుచేసుకుంటున్న కుర్రాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు, "ఏ బావ, మాస్టారూ?" అని అడిగాడు. ముసలాయన, "ఒరే, ఇంక సాల్లే" అన్నాడు. నేను ఆయనకు వీపు పెట్టి కుర్రాళ్ళ ముందు ఇసకలో కూర్చున్నాను. మొదటి నుంచి మళ్ళీ చెప్పాను, వెనక ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా.